పేరంటానికొచ్చినవాళ్ళ పేర్లు

బియ్యం మూడోసారి కడిగినా నీళ్ళు నల్లగానే పోతున్నాయి.

"మూత పెట్టనీకి చేతులు లేవా?" అంది అత్త లక్ష్మీబాయి మంచం మీదనుంచే.

అంజనాబాయి మూత పెట్టే ఉంచింది. మూత మీదా నలుపే, మూత కిందా నలుపే. ఎవరు ఎక్కడ కావాలంటే అక్కడ ఫ్యాక్టరీ పెట్టుకోవచ్చని సర్కారు తలుపులు బార్లా తీసిన రోజుల్లో ఈ బస్తీ అవతల ఇనుప కంపెనీ వచ్చింది. వచ్చి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో ఆమె తుడిచిన గచ్చునంతా వరసగా పరిస్తే ఈ చంద్రపూర్ నుంచి పక్క తాలూకా భద్రావతి దాకా నడిచిపోవచ్చు. పొద్దున్నే గచ్చు, పదింటికి కిటికీ చువ్వలు, మధ్యాహ్నం దండెం మీది బట్టలు దులపడం, సాయంత్రం మళ్ళీ గచ్చు. ఇనుము కరిగించే భట్టీ పొగను పట్టి ఆపే యంత్రం ఒకటుందట. కరెంటు మిగులుతుందని దాన్ని బందు పెడతారట. వాళ్ళకు మిగిలిన కరెంటు ఈమె నడుంలోంచి పోతోంది. భర్త రాయమల్లు తెల్ల అంగీ తొడుక్కుని స్టీలు సామాన్ల దుకాణానికి బయల్దేరేటప్పుడు కాలరు మీద మసి కనబడితే కంపెనీని ఒక్క మాట అనడు. "ఏం ఉతుకుతవే నువ్వు, సబ్బు తింటున్నవా?" అంటాడు.

ఆమెకూ ఒక మాట ఉంది. "మనొక్కరితోని ఏమైతది?" ఎవరు దగ్గినా, ఎవరి పొలంలో పత్తి నల్లబడినా, బస్తీలో ఎవరు అర్జీ పట్టుకొచ్చినా అదే మాట. ముందు పిల్లల చదువులు కానీ, ఆడపిల్ల పెళ్ళి కానీ, అత్త మోకాళ్ళ నొప్పి తగ్గనీ, తర్వాత చూద్దాం. పిల్లల చదువులు అయిపోయాయి, పెళ్ళీ అయిపోయింది. మాట మాత్రం అరగలేదు.

చైత్రమాసంలో గౌరీదేవిని ఉయ్యాలలో కూచోబెట్టి, ఆడవాళ్ళను పిలిచి, హల్దీ-కుంకుం పెట్టి, నానిన శనగలు ఒడిలో పోసి, చేతిలో ఏదైనా వస్తువు పెట్టి పంపడం ఇక్కడి మరాఠీ ఇళ్ళ ఆచారం. మూడు తరాల కింద వచ్చిన తెలుగు దుకాణందార్ల ఇళ్ళకూ అది అంటుకుంది. ఏటా పదిహేనిరవై మందితో సరిపెట్టే అంజనతో ఈసారి రాయమల్లు, "బస్తీ అంతా పిలువు, గిన్నెలు కంపెనీ ఇస్తది" అన్నాడు. కంపెనీ డబ్బిచ్చి కొన్న ఆ గిన్నెలు వచ్చింది ఆయన దుకాణంనుంచే. కంపెనీ మనిషి బాపురావు గీతల కాగితాలు తెచ్చి, వదిన వరస కలుపుతూ, "ఎవరికి ముట్టిందో పేర్లు రాసి సంతకాలు తీసుకోండి వహినీ. పైన నాలుగు వేళ్ళ జాగా ఒదలండి, ఆఫీసు ముద్ర కొట్టుకుంటాం" అన్నాడు. అంజన నూటపన్నెండు పేర్లు ముత్యాల్లా రాసి, ఒక్కో పేరు పక్కన సంతకమో వేలిముద్రో తీసుకుంది. మొదటి పేరు తనదే. పదో తరగతి పాసైన చెయ్యి ఇరవై రెండేళ్ళకు ఒక పనికొచ్చిందని, సిగ్గు లేకుండా మురిసింది కూడా.

జ్యేష్ఠంలో ఒక పొద్దున రుక్కమ్మ వచ్చింది. వెనక గల్లీలో కూరగాయల బండి ఆమెది. గుమ్మంలోకి రాకుండా మెట్టు మీదే నిలబడి ఒక జిరాక్సు కాగితం చాపింది.

"సేఠానమ్మా, గీ అక్షరాలు ఎవరియి?"

అక్షరాలు అంజనవే. పైన ఖాళీ జాగాలో మాత్రం మరాఠీలో టైపు కొట్టి ఉంది. రెండో భట్టీ కట్టడానికి కింద సంతకాలు చేసిన మహిళలకు ఏ అభ్యంతరమూ లేదు.

"మా మరిది రామకిషన్ తహసీల్ ఆఫీసుల చూసి తెచ్చిండు. రేపు జనసునావణి అంట. మనం ఒద్దంటమా ఒప్పుకుంటమా అని పెద్దసార్లు వచ్చి అడుగుతరంట. నేనైతె ముందుగాల్నే ఒప్పుకున్న కదా, ఇగ నోరెందుకు?"

"పైన వాళ్ళు రాసుకున్నరు రుక్కమ్మా. నాకేం ఎరుక?"

"పైన వాళ్ళు రాసిరి, కింద నువ్వు రాస్తివి. నడుమ నేను సస్తి." రుక్కమ్మ దగ్గింది. దగ్గు ఆగాక కొంగుతో నోరు తుడుచుకుంది. "గిన్నె నీ మొకాన కొడ్దామనే బయల్దేరిన. అండ్ల పప్పు నానబోసిన, యాది మర్చిన. గిన్నె ఇయ్య, పో."

సాయంత్రం రాయమల్లు కాగితం చూసి నవ్వాడు. "గింతదానికేనా? ఎవరన్న అడిగితె నాకు చదువు రాదను. ఏందో రాయమన్నరు, రాసిన అను. ఆడదానివి, నిన్నెవరు పట్టుకుంటరు?"

"చదువు రానిదాన్ని ఎట్ల రాసిన?"

"నాతోని వకాలత్ చెయ్యకు. కంపెనీ క్యాంటీన్ సామాన్లు మనకే అంటున్నడు బాపురావు. రేపు ఇల్లు కదిలినవో సూడు."

అత్త అందుకుంది. "మా కాలంల మొగోడు చెప్పింది ఇనేటోళ్ళం. అందుకే నిమ్మలంగ బతికినం."

నిన్నెవరు పట్టుకుంటరు. పప్పు కలుపుతూ, గిన్నెలు తోముతూ, గచ్చు తుడుస్తూ అంజన ఆ మాటనే నమిలింది. నిజమే, ఎవరూ పట్టుకోరు. దుకాణం ఎవరిదని అడిగితే ఆయనదే, ఇల్లు అత్తది, పిల్లల ఇంటిపేరూ ఆయనదే. లెక్కలోకి రాలేదని ఇన్నేళ్ళు కుమిలింది గానీ, లెక్కలోకి రాకపోవడంలో ఎంత సుఖముందో ఇవాళ తెలిసింది. ఏ తప్పూ ఈ గడప దాటి లోపలికి రాదు. మొగుడు చెప్పాడు, అత్త కాదంది, మనొక్కరితో ఏమవుతుంది. మీద కప్పుకోవడానికి ఎన్ని దుప్పట్లు! ఒక్కొక్కటీ తనే ఉతికి, ఆరేసి, మడతపెట్టి దాచుకుంది. ఆయన మీద కోపం ఎప్పుడూ ఉండేదే. ఇప్పుడు తన మీద వచ్చిన కోపానికి మాత్రం అన్నం సయించలేదు.

మర్నాడు చెప్పులు వేసుకుంటుంటే, "ఎటు?" అంది లక్ష్మీబాయి.

"తహసీల్ ఆఫీసుకు."

"వంట?"

"చెయ్యలేదు."

హాలు నిండా కంపెనీ జీపుల్లో తెచ్చి దింపిన జనం. రెండో వరసలో బాపురావు పక్కన రాయమల్లు. ఆమెను చూడగానే ఆయన మెడ బిగుసుకుంది. వెనక గోడకు ఆనుకుని రుక్కమ్మ నిలబడి ఉంది, పక్కన జాగా ఉన్నా అంజన కోసం జరగలేదు. ఇంకెవరైనా మాట్లాడతారా అని అధికారి అడిగినప్పుడు అంజన చెయ్యెత్తింది. వరసల మధ్యనుంచి ముందుకు నడిచింది. మరాఠీలో చెప్పింది: ఆ పేర్లు పేరంటంలో గిన్నెలు పుచ్చుకున్నవాళ్ళవి. ఏ భట్టీకీ ఒప్పుకున్నవాళ్ళవి కావు. రాసింది నేను.

అధికారి మంచివాడే. "అంటే బాయీ, మోసం చేసి మీతో రాయించారు. అలాగే రాసుకుంటాం. మీ తప్పేమీ లేదు, కూర్చోండి."

హాలంతా తేలిగ్గా ఊపిరి తీసుకుంది. రాయమల్లు కూడా, పాపం ఆడమనిషి అన్నట్టు తలూపాడు.

"అలా రాయకండి" అంది అంజన. "నాకు చదువొచ్చు. పైన ఖాళీ ఎందుకని అడగాలని ఆ రోజే తట్టింది. మా దుకాణంలో గిన్నెలు అమ్ముడుపోయాయి కదా అని అడగలేదు. ఆరేళ్ళుగా నా ఇల్లు తుడుచుకున్నాను గానీ ఒక్క అర్జీ మీదా సంతకం పెట్టలేదు. మిగతా అందరి పేర్లూ కొట్టెయ్యండి. నా తప్పు నా పేరు మీదే రాయండి."

రాయమల్లు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. "లంగ మాటలు మాట్లాడి ఇంటికెట్లొస్తవో సూస్త! ఇయాల్టి సంది ఆ గడప తొక్కకు!" అని తెలుగులో అరిచాడు.

నాగపూర్ నుంచి వచ్చిన అధికారికి తెలుగు రాదు. కలం ఆపి అంజన వంక చూశాడు. "ఏమంటున్నాడాయన?"

"ఆయన నా భర్త. నిజం చెప్పినందుకు ఇంటికి రావద్దంటున్నాడు" అంది ఆమె మరాఠీలో, మెల్లగా, రాసుకునేవాడికి అందేలా. "అది కూడా రాసుకోండి సాహెబ్."