చెల్లి పేరు

తల్లి గరిటెతో గిన్నె అంచు మీద రెండు దెబ్బలు కొట్టింది. అది రెండో పీరియడు గంట. పొయ్యి మీద జావ తిప్పుతూనే, "ఏడో ఎక్కం. మొదలుపెట్టు," అంది.

వంటింటి బల్లే ఆ ఇంట్లో బడి. ఒక కొసన తరగాల్సిన కూరలు, రెండో కొసన పలకలూ పుస్తకాలూ. ఎనిమిదేళ్ల పెద్దది నిటారుగా నిలబడి తడుముకోకుండా అప్పజెప్పేది. ఆరేళ్ల రెండోవాడు కాళ్లాడిస్తూ ప్రతిదానికీ "ఎందుకు?" అనేవాడు. ఆమె చదువు అంతంతమాత్రమే, పదో తరగతి రెండో దండయాత్రలో గట్టెక్కింది. అయినా పట్టుబట్టి పిల్లలకి ఇంట్లోనే చెబుతోంది. చదువు ఎక్కడైనా వస్తుంది, జపాలూ జ్ఞానోపదేశమూ మాత్రం ఇంట్లోనే రావాలి అనేది. అప్పజెప్పడంలో ఒక్క మాట తప్పినా ఆమె దగ్గర మాఫీ లేదు.

"ఏడెనిమిదులు యాభై నాలుగు," అన్నాడు రెండోవాడు.

"మళ్లీ మొదటినుంచీ."

నలభై రోజుల పసిపిల్ల గోడవార ఊయలలో నిద్రపోతోంది. గుండెలో చిన్న రంధ్రం ఉందనీ, పెరిగేకొద్దీ అదే పూడుకుంటుందనీ డాక్టరు చెప్పాడు. వెంటనే జ్ఞానస్నానం ఇప్పించమని గుడి ఫాదర్ రెండుసార్లు కబురుపెట్టారు. ఆమె రెండుసార్లూ వాయిదా వేసింది. భర్త ఓడలో వంటవాడు, శనివారానికి గానీ ఓడ రేవుకి రాదు. తండ్రి లేకుండా ఎలా? పైగా పేరు తేలలేదు. ఆయన తన తల్లి పేరంటాడు, ఈమె ఒక పునీతురాలి పేరంటుంది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మీకేమో పిల్ల పుట్టి నలభై రోజులైనా పేరుకి దిక్కులేదు," అని పక్కింటి పిన్నిగారు నవ్వేది. ఆమె కూడా నవ్వేసేది. కానీ జ్ఞానస్నానం కాకుండానే పిల్లకి ఏదైనా అయితే మోక్షం దక్కదేమో అన్న భయం లోపల పీకుతూనే ఉండేది. ఇంకో నాలుగు రోజులే కదా అని సర్దిచెప్పుకునేది.

పదకొండింటికి పిల్లలకి చూచిరాత ఇచ్చి, తడిబట్టల బకెట్టుతో మేడెక్కింది. సగం ఆరేసిందో లేదో రెండోవాడు వగరుస్తూ వచ్చాడు.

"అమ్మా, అక్క రమ్మంటోంది. తొందరగా."

"ఎందుకు?"

రోజంతా ఆ ప్రశ్న అడిగేవాడు మెట్ల వైపు చూపించాడు. "ఏమో. రమ్మంది."

"చూచిరాత ఎగ్గొట్టడానికి వేషాలు. వస్తున్నానని చెప్పు, పో."

ఇంకా రెండు దుప్పట్లు ఉన్నాయి. వాటిని దులిపి, అంచులు సరిచేసి, క్లిప్పులు పెట్టి మరీ దిగింది.

పెద్దది ఊయల పక్కన గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. పసిదాని జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయింది. దిండు కూడా తడిసింది.

"బుద్ధుందా నీకు? జలుబు చేస్తే?" అంటూనే చెంప ఛెళ్లుమనిపించింది.

పెద్దది ఏడవలేదు. "చెల్లి ఊపిరి తీయట్లేదమ్మా," అంది.

అప్పుడు చూసింది ఆమె, పసిదాని పెదవుల రంగు.

ఆ కేకకి పిన్నిగారు పరుగెత్తుకొచ్చింది. ఆవిడే వెళ్లి వీధి చివరి డాక్టరుని వెంటబెట్టుకొచ్చింది. ఆయన రెండు వేళ్లతో ఆ చిన్న ఛాతీని నొక్కాడు, చాలాసేపు విన్నాడు, చివరికి తల అడ్డంగా ఊపాడు. ఆ దుఃఖం మీదే జ్ఞానస్నానం సంగతి గుర్తొచ్చి రెండో భయం వచ్చిపడింది. పెద్దదాని ముందు మోకాళ్ల మీద కూలబడింది.

"నీళ్లెందుకు పోశావు తల్లీ?"

"నువ్వే చెప్పావుగా. ఫాదర్ లేనప్పుడు ప్రాణం పోయేలా ఉంటే ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చని. పోసేటప్పుడు ఇంకా ఊపిరి ఉందమ్మా. కొంచెం."

"ఏమన్నావు? అప్పజెప్పు."

పెద్దది అలవాటుగా చేతులు కట్టుకుంది. "చెల్లీ, పిత పుత్ర పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను."

"అంటూ పోశావా, అన్నాక పోశావా?"

"అంటూనే. మూడుసార్లు."

"మరి పేరు?"

"మీరు పెట్టలేదు కదా. అందుకే చెల్లీ అన్నాను." పిల్ల మళ్లీ నిటారుగా నిలబడింది. "తప్పు చెప్పానా? మళ్లీ మొదటినుంచీ చెప్పనా?"

"ఒక్క తప్పూ లేదు తల్లీ. తప్పంతా నాదే." ఎర్రబడ్డ ఆ చెంపని తన చెంపకి ఆనించుకుని బావురుమంది. దుప్పటి అంచులు సరిచేసిన తన చేతులంటే ఆమెకి అసహ్యం వేసింది.

ఓడకి కబురు పంపారు. సాయంత్రం ఫాదర్ వచ్చి, పసిదాని నుదుటి మీద సిలువ గుర్తు వేసి, బల్ల మీద కూరలు పక్కకి జరిపి మరణాల రిజిస్టరు తెరిచారు.

"పేరు ఏం రాయమంటావమ్మా?"

భర్త కోరిన పేరూ, తను కోరిన పేరూ రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. ఆమె పెద్దదాని వైపు చూసింది.

"చెల్లి అని రాయండి ఫాదర్."

కలం ఒక్క క్షణం ఆగింది. తరవాత రాసింది.

ఫాదర్ వెళ్లాక, తడిసిన దిండు తీద్దామని ఊయల దగ్గరికి వెళ్లింది. పక్కన స్టూలు మీద పసిదాని ఊలు టోపీ కనిపించింది. తడవకూడదని పెద్దది ముందే విప్పి పెట్టినట్టుంది. నాడాలు లోపలికి చక్కగా మడిచి ఉన్నాయి, ఎక్కడా ఒక్క చుక్క తడి లేదు.