మలాయికి నేను చేసిన వైద్యం

మా లక్డారంలో కిడ్నీలో రాయి అంటే డాక్టరు కంటే ముందు పెంటయ్య పేరే చెబుతారు. ఆ పెంటయ్యను నేనే. ఇరవై ఆరేళ్లు కాస్టింగ్ కంపెనీలో కొలిమి ముందు నిలబడి, సరిగా నీళ్లు తాగక, రాళ్లు పెంచుకున్నాను. రణపాల ఆకు తిన్నాను, రాయి పడిపోయింది. అప్పటి నుంచి గోడ పొడవునా పదకొండు పెయింటు డబ్బాల్లో రణపాల పెంచి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆకులు పంచుతున్నాను. నీ చెయ్యి మంచిదని నలుగురూ అంటుంటే నాకూ గర్వం కొంచెం తలకెక్కింది. ఉన్న మాట ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

మా వెనక గదిలో కిరాయికుండే జాహెదా మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. భర్త పోయాక ఆమెకు తోడున్నది మలాయి అనే పిల్లి ఒక్కటే. మీగడలా తెల్లగా ఉంటుందని ఆ పేరు పెట్టుకుంది. ఒకరోజు పొద్దున షిఫ్టుకు పోతూ మా గడప దగ్గర ఆగింది.

"కాకా, మలాయి మాటిమాటికి ఒంటికి కూసుంటుంది. చుక్క చుక్కనే వస్తుంది. డ్యూటీ కెళ్లి వచ్చినంక దవాఖానకు తీస్కపోత. జెర సూస్తుండుండ్రి."

"నువ్ పో బిడ్డా, నేనున్న గద" అన్నాను.

నేనుంటే ఊరుకుంటానా? చుక్క చుక్క అనగానే రాయేనని తేల్చేశాను. నాలుగు ఆకులు మెత్తగా నూరి, రసం పిండి, రాత్రి మిగిలిన చేపల పులుసులో కలిపి పెట్టాను. మలాయి గిన్నె నాకి పెట్టింది. జాహెదా వచ్చేసరికి నయమైపోతుంది, అప్పుడు చెబితే ఎంత సంబరపడుతుందో అని నాలో నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నానికి మలాయి రెండుసార్లు కక్కింది. నోటి నుంచి చొంగ కారుతూ నాలుగడుగులు వేసి పక్కకు ఒరిగిపోయింది. అప్పుడే వచ్చిన జాహెదా దాన్ని దుపట్టాలో చుట్టుకొని ఆటో ఎక్కింది. నేనూ ఎక్కాను. దారి పొడవునా ఆమె పెదవులు దువా చదువుతూనే ఉన్నాయి. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

పటాన్‌చెరులో జంతువుల డాక్టరమ్మ పేరు శ్రావ్య. మలాయిని బల్ల మీద పడుకోబెట్టి, "ఏం తిన్నది?" అని అడిగింది.

"తెల్వదు మేడం. నేను డ్యూటీల ఉన్న" అంది జాహెదా.

"ఇంటి పక్కన ఎలుకల మందు గిట్ల పెడ్తరా?"

"మా పక్కన గోదాముల పెడ్తరు."

"అయితే అదే అయ్యుంటది" అని డాక్టరమ్మ మందుల అలమారా తెరిచింది.

నోరు మూసుకుంటే నాకేమీ కాదు. నెపం గోదాము మీదికి పోతుంది, నా చెయ్యి మంచిదిగానే మిగిలిపోతుంది. కానీ మలాయి డొక్కలు ఎగిరెగిరి పడుతుంటే, జాహెదా దాని చెవి నిమురుతూ "జెర ఓపిక పట్టు అమ్మా" అంటోంది. నా పేరు మండిపోను అనుకున్నాను.

"ఎలుకల మందు కాదమ్మా. నేనే పెట్టిన. రణపాల రసం. పది గంటలకు, నాలుగాకులది."

జాహెదా నా వైపు తిరిగి చూసింది. డాక్టరమ్మకు మాత్రం నన్ను తిట్టే తీరిక లేదు. ఫోన్లో ఫొటో చూపి ఇదేనా అని అడిగింది. అదేనన్నాను. చకచకా సెలైను ఎక్కించింది, విషాన్ని పీల్చే బొగ్గుపొడి మందు తాగించింది, ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నది.

"తాతా, ఈ ఆకు పిల్లుల గుండెను లయ తప్పిస్తది. కలబంద కూడా వాటికి పడది. దీనికున్నది మూత్రంల చిన్న ఇన్ఫెక్షన్, గోలీలతోని పోయేది. మీరు చెప్పకుంటె నేను వేరే మందు మీద టైం పోగొడుతుంటి."

సాయంత్రం దాకా జాహెదా, నేను బయట బెంచీ మీద కూర్చున్నాం. చివరికి నేనే ఆమె వైపు జరిగాను.

"నాలుగు తిట్టు బిడ్డా. కడుపుల పెట్టుకోకు."

"తిట్టాలనే ఉండె కాకా. నన్ను అడగక ఎందుకు పెట్టిన్రని అంగీ గల్లా పట్టాలనిపించింది. కని మీరు చెప్పకుంటె నాకెట్ల తెలుస్తుండె? నా మలాయికి ఇప్పుడు ఊపిరాడుతుందంటె మీరు నోరు తెరిచినందుకే. శుక్రియా కాకా."

రాయి పడిందని నాకు దండం పెట్టినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లెవరి మాటకూ నా కళ్లు తడవలేదు. ఆ రోజు మాత్రం తువ్వాలు మొహానికి కప్పుకొని ఏడ్చాను.

మూడో రోజు మలాయి ఇంటికొచ్చింది. అంతకు ముందే డబ్బాలన్నీ డాబా మీది గదిలో పెట్టి తాళం వేశాను. రాలిన ఆకు మట్టి తాకితే చాలు మొలిచే రకం అది. అందుకని గోడ వెంట వంగి వంగి ఒక్కొక్కటే ఏరాను. నడుం పట్టేసింది. పట్టాల్సిందే.

నెల తర్వాత హత్నూరలో జాహెదా చెల్లెలి పెళ్లి. పిల్లిని పక్కింటి సంగమ్మకు అప్పజెబుతుందనుకున్నాను. పొద్దున్నే దాన్ని ఎత్తుకొని మా గడపలోకి వచ్చింది.

"రెండు రోజులు మీకాడ ఉంచుకోండ్రి కాకా."

"నాకాడనా? వద్దు బిడ్డా, సంగమ్మకియ్యి. నాకు భయమైతది."

"ఎవలకు భయముందో వాళ్లకే ఇస్త."

చేతులు కడుక్కొని, రెండు చేతులా మలాయిని అందుకున్నాను. ఆమె ఇంకా వాకిలి దాటలేదు, అప్పుడే అది నా అంగీ గుండీ కొరకబోయింది.

"ఆగు తల్లీ" అన్నాను. "మీ అమ్మనడిగి చెప్త."