వెంట వచ్చేవాళ్లు

"ఆ ఫ్లెక్సీ తీయించేదాకా నువ్వు గడప దాటమాక" అన్నాడు మా ఆయన, తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుంటూ. కంచంలో చెయ్యి కడగొద్దని పెళ్లయిన నాటి నుంచీ చెబుతున్నాను. ఆ రోజు అది కూడా అనలేదు. కంచం తీసుకుని దొడ్లోకి వెళ్లి అంట్ల ముందు కూర్చున్నాను.

ఆ ఫ్లెక్సీ మాచర్ల బస్టాండు సెంటర్లో ఉంది. "ఇంగ్లండు వెళ్తున్న శుభసందర్భంగా హార్దిక శుభాకాంక్షలు" అని ఇంతింత అక్షరాలు. నడుమ నిలువెత్తున మా ఆయన వీరాంజనేయులు, చలవ కళ్లద్దాలతో, చేతులు జోడించి. ఆయనకు నాపరాళ్ల పాలిష్ షాపు ఉంది. ఆ షాపు స్నేహితులంతా పైన వరసగా గుండ్రటి ఫొటోల్లో. కింద కుడి మూలన, తపాలా బిళ్లంత నేను. లెక్కల టీచర్ని నేను. ఇంగ్లండులో స్కూలు ఉద్యోగం వచ్చింది నాకు. ఆయన వీసా నా వీసాకు తోక. అయినా ఆ బొమ్మ చూసినవాళ్లు ఈయనగారే ఏదో ఉద్ధరించడానికి వెళ్తున్నాడనుకుంటారు. అది కట్టిన రోజున నవ్వొచ్చింది, నవ్వి ఊరుకున్నాను.

అంతకుముందు సోమవారం ఆ స్కూలు నుంచి మెయిలు వచ్చింది. పిల్లలు తగ్గారట, పోస్టు తీసేశారట, నాకిచ్చిన స్పాన్సర్‌షిప్ వెనక్కి తీసుకుంటున్నారట. చాలా విచారిస్తున్నామని కూడా రాశారు, పాపం. నా పాస్‌పోర్టేమో వీసా ఆఫీసులో ఉంది. ఇక్కడ నేను పనిచేసిన స్కూల్లో రాజీనామా ఇచ్చేశాను, నా క్లాసులు ఇంకొకరికి ఇచ్చేశారు. వీసా వస్తుందా? వచ్చినా ఉద్యోగం లేని వీసాను నేనేం చేసుకోను? గుంటూరు ఏజెంటుకు పొద్దున ఫోను చేస్తే "ఇంకో స్కూలు దొరికితే దీని మీదే పోవచ్చు మేడమ్" అంటాడు, సాయంత్రం చేస్తే "కుదరదు మేడమ్, మళ్లీ మొదట్నుంచీ" అంటాడు. ఏది నమ్మాలో తెలియదు. ఏడవాలో, హమ్మయ్య అనుకోవాలో అసలే తెలియదు.

ఇంట్లో మాత్రం ఎవరికీ అయోమయం లేదు. "ఆ ఇంటర్వ్యూలో ఏం వాగావో ఏందో" అని తేల్చేశాడు ఆయన. మా అత్త రత్తమ్మ, "సెంటర్లో బొమ్మ పెట్టొద్దురా, చానామంది కళ్లు పడతయ్యిరా అంటే ఇన్నాడా?" అని కొడుకును తిట్టి, ఆ నోటితోనే "ఏమే యమునా, ఎటూ ఇంట్లోనే ఉంటివి గదా, వీటికి తొడిమలు తియ్యి" అని ఎండు మిరపకాయల గోతం తెచ్చి నా ముందు పెట్టింది. ఉద్యోగం పోయింది నాకే, దొరికింది కూడా నాకే.

అసలు వెళ్లాలనుకుంది ఎవరు? తొడిమలు తీస్తూ అదే ఆలోచించాను. షాపులో బేరాల్లేక "నీకు ఇంగ్లీషొచ్చు, లెక్కలొచ్చు, అక్కడ టీచర్లు కరువంట" అని అప్లికేషన్ పెట్టించింది ఆయన. వీడియో ఇంటర్వ్యూకు ఫోను స్టాండు కొందామంటే "నేనుండగా స్టాండెందుకు" అని, ఇంటర్వ్యూ అయ్యేదాకా ఫోను పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నది ఆయన. ఫోను వెనక ఆయన కనుబొమ్మలెగరేస్తే నేను నవ్వాలి. తల అడ్డంగా ఊపితే ఆపాలి. మీతో ఎంతమంది వస్తారని వాళ్లు అడగ్గానే రెండు వేళ్లు చూపించాడు, తానూ, మా అమ్మాయీ. 'టూ' అన్నాను. మరి ఇందులో నేను కోరుకున్నదేది? ఏమో. మిరపకాయల చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను, బుద్ధిలేనిదాన్ని. ఇక ఏది మంటో ఏది ఏడుపో తెలియలేదు.

ఆదివారం మా రోహిణి ఫోను చేసింది. గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది.

"పోయిందంట గదమ్మా. నాన్న చానా బాధపడ్డాడు. నీకెట్టుంది?"

"ఎట్టుంటది. అంతే ప్రాప్తం."

"అది గాదమ్మా. నీకు పోవాలనుందా?"

ఇన్నాళ్లలో ఈ ముక్క నన్నెవరూ అడగలేదు. నన్ను నేనైనా ప్రశ్నించుకోలేదు.

"నీ చదువు..." అన్నాను.

"నేను హాస్టల్లోనే ఉన్నా గదా. నన్ను అడ్డం పెట్టమాక" అంది, అచ్చం వాళ్ల నాయనమ్మ గొంతుతో.

ఫోను పెట్టేశాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంగ్లండు మీద నాకేమీ మోజు లేదు, ఆ చలికీ నాకూ పడదు. కానీ వెళ్లాలనుంది. బడి నుంచి వచ్చి, టీ పెట్టుకుని, అది చల్లారకముందే తాగి, ఆ ఒక్క గ్లాసే కడుక్కోవాలనుంది. ఇంత చిన్న కోరిక కోసం దేశం దాటాలా అని మళ్లీ నాకే సిగ్గేసింది.

నెల తిరక్కుండా పాస్‌పోర్టు వచ్చింది, వీసా లేకుండా. నాతో పనిచేసి మాల్దీవులు వెళ్లిన తహసీన్‌కు సంగతి చెప్పుకుంటే, వాళ్ల దీవిలోనే లెక్కల టీచరు కావాలని, వర్క్ వీసా స్కూలే చూసుకుంటుందని రాసింది. ఆ మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. "అక్కడ మన బండలకి గిరాకీ ఉంటదేమో కనుక్కో" అన్నాడు. అప్పటికప్పుడు స్నేహితుడికి ఫోను చేసి, "ఒరేయ్, ఫ్లెక్సీ తీయమాక. దేశం పేరు మీద కాయితం అంటిస్తే సరిపోద్ది" అని చెప్పాడు. నా ఫొటో కాస్త పెద్దది చేయమని అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు.

ఇంటర్వ్యూ రోజు మళ్లీ అదే ముందుగది. మళ్లీ ఎదురుగా ఆయన, చేతిలో ఫోను. గుమ్మం దగ్గర అత్త. ఫోన్లో హెడ్మిస్ట్రెస్ భిన్నాలు ఎలా చెబుతావని ఇంగ్లీషులో అడిగింది. చెప్పాను. ఆయన కనుబొమ్మలు ఏం చేస్తున్నాయో నేను చూడలేదు, చెబుతూ పోయాను. చానాళ్లకు నా గొంతు నాకు వినిపించింది. ఆవిడ నవ్వి, "క్వార్టర్స్ చూడాలి. మీ వెంట ఎవరెవరు వస్తారు?" అంది.

ఫోను వెనక ఆయన చూపుడు వేలు లేచి, తన గుండె మీద ఆనింది.

"నో వన్ మేడమ్. ఐ విల్ కమ్ అలోన్" అన్నాను. అన్నది నేనేనా అని ఒక్క క్షణం నాకే అనుమానమొచ్చింది. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. 'అలోన్' మాత్రం అర్థమైనట్టుంది. ఫోను వణకడం మొదలుపెట్టింది.

"మీ బొమ్మ కదిలిపోతోంది. నెట్‌వర్క్ బాలేదా?" అని అడిగింది ఆవిడ.

"నెట్‌వర్క్ బానే ఉంది మేడమ్" అని, ఫోను ఆయన చేతిలోంచి తీసుకున్నాను.