మంచు నిలవని కప్పు

మా వీధిలో అన్ని ఇళ్ళ కప్పుల మీదా మోకాలెత్తు మంచు ఉంటే, మా ఇంటి మీద మాత్రం చాపంత మేర రేకు బోసిగా కనిపిస్తోంది. ఇల్లు కొనడానికి వచ్చిన రైలి గారు వాకిట్లోనే ఆగిపోయింది.

"చలి ఆగడానికి అటకమీద పరిచిన రంపపు పొట్టు పాడైనట్టుంది. వేడంతా పైకే పోయి మంచు కరుగుతోంది. నాకొద్దీ కొంప!"

ఈ ఇల్లు అమ్మితేగానీ సరస్సు పక్కన గుడిసె కొనుక్కోలేం. అందుకని మా ఆవిడ సిర్కా బతిమాలింది. "ఒక్కసారి పైకెక్కి చూడండి, పుణ్యముంటుంది."

రైలి గారికి దారి చూపుతూ నేను ముందు నిచ్చెనెక్కి అటక తలుపు ఎత్తాను. గుప్పున ఆవిరి మొహానికి కొట్టింది. పొట్టంతా గోతాల్లో కుక్కి, గోడలా పేర్చి, మధ్యలో కరెంటు పొయ్యి పెట్టుకుని, తుండుతో కూర్చున్నాడు సిర్కా బాబాయి ఓన్ని.

"తలుపెయ్యి అల్లుడూ, ఆవిరి పోతోంది!"

"మావయ్యా! మీరు జూన్‌లోనే మీ ఊరెళ్ళిపోయారు కదా?"

"పోయేముందు ఓసారి ఆవిరి స్నానం చేద్దామనుకున్నా. ఇంకా అవలేదు. రామ్మా, నువ్వూ కూర్చో."

ఆవిరికి పిలిస్తే మా వైపు ఎవరూ కాదనరు. రైలి గారు కోటు విప్పి నా చేతికిచ్చింది.

చాలాసేపటికి బీట్‌రూట్‌లా ఎర్రబడి దిగింది. "పొట్టు భేషుగ్గా ఉంది. ఆ గోతాల గోడ దాటి వేడి ఇసుమంత కూడా పోవట్లేదు. ఇల్లు తీసుకుంటాను."

"మరి మా బాబాయో?" అంది సిర్కా.

"ఆయన లేకపోతే నాకొద్దు."

"కప్పు మీద ఆ బోసి?" అన్నాను.

"ఉండనీండి. మంచు నిలిచిన రోజున పొయ్యి ఆరినట్టే, పైకెక్కి ఆయనకేమైందో చూడాలని గుర్తుంటుంది."