తలుగు లేని బండి

ఈ మూడు నెలల్లో "పెట్రోల్ ఉందా అక్కా?" అని నన్నడిగిన మగవాళ్లందరినీ ఒకచోట నిలబెడితే సూర్యాపేట బస్టాండ్ సరిపోదు. బండి రోడ్డు పక్కన ఆగిందంటే చాలు, తన దారిన తాను పోయేవాడు కూడా బ్రేకు వేసి మరీ అడుగుతాడు. నాకు నలభై నాలుగేళ్లు. పద్దెనిమిదేళ్లుగా పశువుల దవాఖానలో పని చేస్తున్నాను. పొడవడానికొచ్చే బర్రెను పట్టుకుని సూది వేయగలను. బండిలో పెట్రోల్ పోసుకోవాలన్న తెలివి మాత్రం నాకు లేదని వీళ్లకెందుకు అనిపిస్తుందో ఎంత ఆలోచించినా అర్థం కాదు. అందుకే ఒక్కరిని కూడా ట్యాంకు మీద చెయ్యి వేయనివ్వలేదు. "నిండుగున్నది తమ్మీ, నువ్వు పో" అని పంపించేసేదాన్ని.

అది ఇరవై రెండేళ్ల నాటి టూరింగ్ బండి. మూడు వందల యాభై సీసీ, ముందర పెద్ద అద్దం, వెనక రెండు పక్కలా ఇనుప పెట్టెలు. కోదాడలో పిచ్చయ్య సార్ అని రిటైరైన లెక్కల టీచర్ దగ్గర కొన్నాను. ఆయన భార్య అన్నమ్మగారిని వెనక కూర్చోబెట్టుకుని దాని మీద పూరీ పోయొచ్చాడు, కన్యాకుమారి పోయొచ్చాడు. పోయినేడాది ఆమె చనిపోయాక ఇక ఎక్కడికీ పోబుద్ధి కాక అమ్మకానికి పెట్టాడు.

నాకూ కన్యాకుమారి పోవాలని ఉంది. ఒక్కదాన్నే. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను పెట్టిన సెలవులన్నీ ఎవరిదో కాన్పుకో, ఎవరిదో ఆపరేషన్‌కో, ఎవరివో దినాలకో ఖర్చయిపోయాయి. ఈసారి పది రోజులు నా కోసం అడిగాను. దొరికాయి కూడా. ఇక బండి ఒక్కటే నడవాలి.

బండి కొనేరోజు మా నాయన గట్టయ్యను వెంట తీసుకుపోవడం నేను చేసిన మొదటి తప్పు. ఆయన బతుకంతా గొర్లు, గొడ్లు కాసి, కొని, అమ్మినవాడు. మోకాళ్లు అరిగిపోయాక, రెండేళ్ల కింద మంద అమ్మేసి నా దగ్గరికొచ్చాడు. కోదాడలో ఆ బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. సీటు మీద వీపు నిమిరినట్టు చెయ్యి రాశాడు. బేరం కుదిరింది, కాగితాలు రాసుకున్నాం. అప్పుడు పిచ్చయ్య సార్ లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులో చుట్టిన లావుపాటి నోటుపుస్తకం పట్టుకొచ్చాడు.

"దీనికి ఎప్పుడు ఏం చేయించానో అన్నీ ఇందులో రాసుకున్నానమ్మా. మీకు ఉపయోగపడుతుంది" అన్నాడు.

నేను చెయ్యి చాపేలోపు మా నాయన అడ్డం వచ్చాడు. "అది నీ కాడనే ఉండనీ సారూ. జీవాన్ని అమ్మితే తలుగు ఇయ్యరు. కట్టేసిన తాడు పెంచినోని ఇంట్లనే ఉండాలె" అన్నాడు. అంతటితో ఆగితే నేనెందుకు ఇంత బాధపడతాను? బయటికి రాగానే ఇంకోటి చెప్పాడు. "ఇగ ఆ సారు గడప తొక్కొద్దు, ఫోన్ చెయ్యొద్దు బిడ్డా. పాతోని గొంతు ఇన్నదంటే జీవం ఆ ఇంటి దిక్కే గుంజుతది." పిచ్చయ్య సార్‌కీ అదే మాట చెప్పి వచ్చాడట.

ఇది ఆవు కాదు నాయనా అని ఆ రోజే అనాల్సింది. అనలేదు. ఏదైనా ఉంటే ఫోన్‌లో వీడియోలు చూసుకోవచ్చులే అనుకున్నాను. అది రెండో తప్పు.

అక్కడినుంచి మొదలైంది నా పరేషాన్. బండి ఇంటి దగ్గర బ్రహ్మాండంగా నడుస్తుంది. మార్కెట్‌కు పోతే నడుస్తుంది, దవాఖానకు పోతే నడుస్తుంది. కాస్త దూరం పోయానా, ముప్పై అయిదో నలభయ్యో కిలోమీటర్లు కాగానే దగ్గి, దగ్గి, ఆగిపోతుంది. పాత బండ్ల నాడి తెలిసినవాడు మిర్యాలగూడలో జైరాం ఒక్కడే అన్నారు. ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ఆయన షెడ్డుకు పోయాను. ఆయన బండి దింపి, ట్యాంకులోకి తొంగి చూసి, ఒక్క కిక్ కొట్టాడు. లేచింది. దవాఖాన గడప ఎక్కగానే జ్వరం తగ్గిందన్నట్టు గుర్రుగుర్రుమంటూ నిలబడింది.

"మంచిగనే ఉన్నది గదక్కా" అన్నాడు జైరాం.

మంచిగానే ఉందంటూనే ఒకసారి ప్లగ్గు మార్చాడు, ఒకసారి కాయిల్ మార్చాడు, ఒకసారి కార్బురేటర్ మొత్తం విప్పి కడిగాడు. నాలుగుసార్లు పోయాను. నాలుగుసార్లూ ట్యాంకులోకి తొంగి చూశాడు, ఒక్క కిక్కుకే లేపాడు. నాకు మతి పోయినంత పనైంది. నేను తన్నితే లేవనిది ఆయన తన్నితే ఎందుకు లేస్తుంది? బండికి కూడా మగవాళ్లంటేనే లెక్కా?

మా ఆయన మల్లేష్ ఆర్టీసీలో కండక్టర్. నన్ను, బండిని ఇంటికి చేర్చడానికి మూడుసార్లు డ్యూటీ వదులుకుని వచ్చాడు. మూడోసారి ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ అన్నాడు.

"కొరివితోని తల గోక్కున్నట్టే ఉన్నది నాగరాణీ నీ పని. ఆదివారం ఒక్కసారి చూద్దాం. గీడికెల్లి మిర్యాలగూడ, ఆడికెల్లి కోదాడ, కోదాడ నుంచి ఇంటికి. యాడ నెట్టకుండ, ట్రాలీ ఎక్కకుండ వస్తే కన్యాకుమారి పో. బ్యాగు నేనే కడత. నెట్టినవా, సాయంత్రం అమ్ముడే. మిర్యాలగూడ రైస్‌మిల్లు సూపర్‌వైజర్ ఒకాయన అడుగుతున్నడు, అయిదింటికి ఇంటికి రమ్మంట."

"నేను నెట్టి, నెట్టలేదంటే?" అన్నాను ఉక్రోషంగా.

"మామను ఎనక ఎక్కించుకపో. ఆయనైతే అబద్ధం ఆడడు."

అట్లా ఆదివారం పొద్దున్నే మా నాయన తలకు చుట్టిన రుమాలు మీదే హెల్మెట్ బిగించుకుని సాక్షిగా వెనక ఎక్కాడు. ముందుజాగ్రత్తగా నడుమ ఒక బంకులో ఆగి పెట్రోల్ పోయించాను. మిర్యాలగూడలో వడ్ల లారీల మధ్య నుంచి సందు చూసుకుని బయటపడ్డాను. జైరాం షెడ్డు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. హుజూర్‌నగర్ దాటాం. ఇక కోదాడ ఎంత, పదిహేను కిలోమీటర్లు. ఈసారి గెలిచానే అనుకుంటున్నాను, సాగర్ కాలువ వంతెన ఎక్కగానే దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

నాయన దిగి, వంతెన గోడ మీద కూర్చున్నాడు. "నెట్టకు బిడ్డా. నెడితే నెట్టిందని చెప్పవలసి వస్తది" అన్నాడు.

"నెట్టలే గద నాయినా."

"ముందుగాలనే చెప్తున్న."

ఒళ్లు మండిపోయింది. కిక్ కొట్టడం మొదలుపెట్టాను. పది, పదిహేను, ఇరవై. కొత్త బైకు మీద ఒకాయన ఆగాడు. ఏమడిగాడో చెప్పక్కర్లేదు. ఆయన్ను ఎట్లా కసిరానంటే వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. ఆ కోపంలోనే ఇంకో కిక్ కొట్టాను. అది ఎదురు తన్నింది. పిక్కలో కత్తి దిగినట్టయింది. కుడికాలు నేల మీద పెట్టలేక అక్కడే కూలబడ్డాను. అప్పుడిక ఆగలేకపోయాను. ఫోన్ తీశాను.

"ఎవలికి?" అన్నాడు నాయన.

"పిచ్చయ్య సార్‌కు."

"వద్దన్న గద."

"నువ్వు వద్దన్నందుకే మూడు నెలలు పాయె" అని స్పీకర్ పెట్టాను.

"సార్, నేను నాగరాణిని. సూర్యాపేట. మీ బండి కొన్నదాన్ని."

"ఎక్కడ ఆగిందమ్మా?" అన్నాడు. ఆగిందని నేను ఇంకా చెప్పనే లేదు. ఎక్కడో చెప్పాను. "ఒక్క నిమిషం, పుస్తకం తెస్తాను" అన్నాడు. పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. ఆ తరువాత పాఠం చెప్పినట్టు తాపీగా చదివాడు.

"రెండు వేల పదకొండు, జనవరి పద్దెనిమిది. కావలి దగ్గర టీ తాగుతుండగా ట్యాంకు మూత ఎవరో ఎత్తుకుపోయారు. వేరే బండి మూత ఒకటి దొరికింది, పట్టింది. కానీ దీనికి గాలి పోయే రంధ్రం లేదు. నలభై కిలోమీటర్లకోసారి మూత తెరిచి మూయాలి. లేకపోతే గాలి ఆడక పెట్రోల్ కిందికి దిగదు." చదవడం ఆపి, "ఒకసారి మూత తియ్యండమ్మా" అన్నాడు.

బండి పట్టుకుని లేచి, ఒంటికాలి మీద నిలబడి మూత తిప్పాను. స్స్‌మని గాలి లోపలికి పోయింది.

అంతే. మూడు నెలలు, ప్లగ్గు, కాయిల్, కార్బురేటర్, నాలుగు ట్రాలీలు, అన్నీ ఈ స్స్ కోసమే. జైరాం తొంగి చూసిన ప్రతిసారీ తెలియకుండానే చేసింది ఇదే. రోడ్డు మీద ఆగినవాళ్లలో ఏ ఒక్కరినైనా సరే, చూసుకో తమ్మీ అని మూత తీయనిచ్చి ఉంటే బండి అక్కడికక్కడే లేచేది. నా పౌరుషం నన్నే ముంచింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి పిక్క నొప్పి కంటే ఎక్కువ బాధేసింది.

"పద్నాలుగేండ్ల సంది ఒక్క చిల్లు పొడిపించలేకపోయిండ్రా సార్?" అన్నాను.

"పొడిపించొచ్చమ్మా. మా అన్నమ్మకి నలభై కిలోమీటర్లకోసారి టీ పడాలి. ఎలాగూ ఆగుతాం కదా అని వదిలేశాను." పుస్తకం మూసిన చప్పుడైంది. "మీరు ఫోన్ చేస్తారని రోజూ చూస్తున్నాను. నేనే చేద్దామంటే, చేయకూడదని మీ నాన్నగారు చెప్పారు కదా."

ఫోన్ పెట్టేసి నాయన వైపు చూశాను. ఆయన కాలువలోకి చూస్తున్నాడు.

"ఎందుకు చేసినవ్ నాయినా గిట్ల? ఆ పుస్తకం తీసుకుంటే ఏం పోతుండె?"

"నువ్వు సూడలే బిడ్డా. ఆ సారు పుస్తకం ఇస్తున్నడు గని, చేతులు ఇడుస్తలేడు. భార్య పాయె, బండి పాయె. అదిగూడ గుంజుకుంటే ఆయన కాడ ఏముంటది?" ముఖం తిప్పకుండానే చెప్పాడు. "నేను మంద అమ్మిననాడు అన్నిట్ని లారీల ఎక్కించిండ్రు. పెద్ద పొట్టేలు మెడల గంట ఒక్కటి ఇడిసిపెట్టమంటే ఇయ్యలే. ఇంటికొస్తే సప్పుడు లేదు. వారం దినాలు నిద్ర పట్టలే."

రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఈ మాట ఎన్నడూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. కోపం మాత్రం తగ్గలేదు.

"ఈ మాట అప్పుడే చెప్తే ఏమైతుండె?"

"నువ్వు అడగలే."

ఈ మనిషితో ఏం మాట్లాడాలి? పెట్రోల్ దిగింది, బండి సిద్ధంగా ఉంది, కానీ నా కాలు కిక్ మీద ఆనడం లేదు. నాయనకు కిక్ కొట్టడం రాదు. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద నరమానవుడు లేడు. ఇందాక కసిరి పంపినాయన ఇప్పుడు గుర్తొచ్చాడు. అరగంట చూశాం. ఒక లారీ ఆగకుండా పోయింది.

నాయన లేచి రుమాలు నడుముకు బిగించాడు. "ఎక్కు" అన్నాడు.

"వద్దు నాయినా. మెట్లు గూడ ఎక్కొద్దన్నడు డాక్టర్. ఎవలు నెట్టినా నెట్టినట్టే. నువ్వే ఆయనకు చెప్పాలె మల్ల."

"చెప్తలే. ఎక్కు."

రెండో గేరు వేసి, క్లచ్ పట్టుకుని కూర్చున్నాను. వంతెన దిగుడు మొదలయ్యేదాకా ఆయనే నెట్టాడు. వెనక ఆయన ఆయాసం వినిపిస్తోంది, మోకాళ్ల నొప్పికి ఒక్కో అడుగుకీ ఉఁ అనే మూలుగూ వినిపిస్తోంది. దిగుడులో క్లచ్ వదిలాను. లేచింది. కొంత దూరం పోయి, ఇంజన్ ఆపకుండా తిరిగి చూస్తే, ఒక చెయ్యి తొడ మీద ఆనించుకుని కుంటుకుంటూ వస్తున్నాడు. ఎదురుపోయి పట్టుకుందామంటే బండి దిగలేను. ఆ నాలుగు నిమిషాలు నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇంకెవరినీ తిట్టి ఉండను.

కోదాడలో ఆగలేదు. హైవే మీద ఒకచోట పక్కకు తీసి, ఇంజన్ నడుస్తుండగానే మూత తెరిచి మూశాను. అయిదు కాకముందే సూర్యాపేటలో మా వాకిట్లో ఉన్నాం. మల్లేష్, ఆ సూపర్‌వైజర్ కుర్చీలేసుకుని ఛాయ్ తాగుతున్నారు. సూపర్‌వైజర్ అప్పుడే బండిని కళ్లతో కొలుస్తున్నాడు.

"ఏం మామా, నెట్టిండ్రా?" అన్నాడు మల్లేష్.

జన్మలో మొదటిసారి మా నాయన ఒక్క అబద్ధమాడితే బాగుండుననిపించింది. పది రోజుల సెలవు, కన్యాకుమారి, అన్నీ ఆయన నోట్లో ఉన్నాయి.

"నెట్టినం" అన్నాడు నాయన.

సూపర్‌వైజర్ కప్పు కింద పెట్టి లేచాడు.

"ఆమె నెట్టలే. నేనే నెట్టిన."

మల్లేష్ ఆయన మోకాళ్ల వైపు చూశాడు. "నువ్వా? గా మోకాళ్లతోని? ఏమన్న అయితే ఎట్ల మామా?"

"అయితే అయితది. ఇన్నేండ్లల్ల ఆ పిల్ల తన కోసం ఒక్క దిక్కుకు పోతనన్నదా? ఇప్పుడు పోతనంటున్నది. పోవాలె గద."

మల్లేష్ నన్ను చూశాడు. తరువాత సూపర్‌వైజర్ వైపు తిరిగి, "కూర్సో అన్నా, ఛాయ్ తాగిపో. బండి అమ్ముతలేం" అన్నాడు.

నాయన అప్పటికే అరుగు మీద కాళ్లు చాపుకుని రెండు చేతులతో మోకాళ్లు ఒత్తుకుంటున్నాడు. నేను కుంటుకుంటూ లోపలికి పోయి, ఆయన్ను తిట్టుకుంటూనే నూనె వేడి చేశాను.