జకర్యా ఎడమ చెయ్యి

మొదటి శేరు నీళ్ళు పారబోశాడు జకర్యా. బట్టీ అంటుకోగానే గొట్టంలోంచి దిగే నీళ్ళు ఎంత తేటగా కనిపించినా వాడకూడదు, నేలపాలు చెయ్యాల్సిందే. బొల్లారంలో ఆర్థర్ గారు మందుల కంపెనీ పెట్టిన నాటి నుంచి, అంటే ఇరవై రెండేళ్ళుగా, నీళ్ళు మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి మందులకు ఆవిరినీళ్ళు దించేది అతనే. పొట్టి మనిషి. సన్నటి మెడ, పొగకు ఎర్రబడ్డ కళ్ళు. కుడిచెయ్యి బాగానే ఉంటుంది. ఎడమచెయ్యి మాత్రం మోచేతి మడత దగ్గర నల్లబడి, చెప్పు అట్టలా గట్టిపడిపోయింది.

ఆ చెయ్యికీ ఒక చరిత్ర ఉంది, చెప్పేవాళ్ళే లేరు. కంపెనీ మొదట్లో రేకుల షెడ్డులో దగ్గుమందు కలిపేది. యుద్ధం వచ్చి సీమసరుకు ఆగిపోయాక, నరంలోకి ఎక్కించే ఉప్పునీళ్ళు, అదే సెలైన్, ఇక్కడే చేద్దామన్నారు ఆర్థర్ గారు. చేశారు కూడా. మరి మొదటి సీసా ఎవరికి ఎక్కించి చూడాలి? పనివాళ్ళంతా నేలచూపులు చూశారు.

"నీళ్ళు నేను దించినయి. నాకే గుచ్చుండ్రి సార్," అన్నాడు జకర్యా, మహానుభావుడు!

ఇక అదే ఆనవాయితీ అయి కూర్చుంది. ఏ వాయి తయారైనా ముందు ఒక సిరంజి అతని చేతికి. రెండు గంటల్లో వణుకు రాకపోతే సరుకు బయటికి, వస్తే మొత్తం మోరీలోకి. కొత్త రబ్బరు గొట్టాలను సోడాలో ఉడికించకపోతే చలిజ్వరం వస్తుందని కనిపెట్టింది అతని ఒళ్ళే. ఆ సంగతికి మద్రాసులో ఆర్థర్ గారికి పతకం ఇచ్చారు. జకర్యాకి ఆ రోజు పాలెక్కువ పోసిన టీ దొరికింది.

మొన్న ఈస్టరుకు అలా గుచ్చించుకున్నాక వచ్చిన చలిజ్వరంలో అతను మూడు రోజులు లేవలేదు. ఇంకోసారి ఇలాంటిది వస్తే మనిషి దక్కడని డాక్టరు తేల్చేశాడు. భార్య రోసమ్మ కంపెనీ గేటు దాకా వచ్చి లబోదిబోమంది. ఆర్థర్ గారు సెలైన్ చెయ్యడం ఆపేసి, పరీక్షలకు కుందేళ్ళు పంపమని మద్రాసుకు రాశారు. ఈలోగా ఇండియన్ యూనియన్‌కూ నిజాంకూ చెడి రాకపోకలు బందయ్యాయి. కుందేళ్ళు రాలేదు.

నిజాం లొంగిపోయాడని నిన్న సాయంత్రమే రేడియోలో చెప్పారు. పొద్దున్నుంచీ రోడ్డు మీద జనం యూనియన్ పటాలాన్ని చూడడానికి పరుగులు పెడుతున్నారు. జకర్యా నీళ్ళజాడీ దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. గొడవలకు భయపడి నిన్న మధ్యాహ్నమే అందర్నీ ఇళ్ళకు పంపినప్పుడు నిండుగా వదిలిన జాడీ అది. ఇప్పుడు ఖాళీగా ఉంది. పక్కగదిలో బల్ల మీద నలభై సెలైన్ సీసాలు వరుసగా నిలబడి ఉన్నాయి, ఇంకా వెచ్చగా.

"గిది నిన్నటి నీళ్ళేనా సార్?"

ఆర్థర్ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "అల్వాల్లో తలదాచుకున్న ఊళ్ళవాళ్ళకి కలరా తగిలిందయ్యా. ఆసుపత్రి బండి బయటే ఉంది. తెల్లారకముందే వచ్చి నేనే నింపాను. అరగంట ఆవిరిలో ఉడికించాను, ఇంకేం మిగుల్తుంది అందులో?"

"ఉడికిస్తే పోయేది కాదు సార్ అది. రాత్రంతా నిల్వున్న నీళ్ళు వణుకు తెస్తయి. నా ఒంటికి తెల్వదా?"

"ప్రతిసారీ అలా జరగదులే. నీ ఒక్క మాట మీద నలభై సీసాలు పారబొయ్యమంటావా?"

"నా మాటొద్దు. చేతికి గుచ్చి సూడుండ్రి."

"డాక్టరు ఏమన్నాడో మర్చిపోయావా? నీ గుండె తట్టుకోదు జకర్యా."

"కక్కి కక్కి పడున్నరు గాళ్ళు. గాళ్ళ గుండె తట్టుకుంటదా సార్?"

ఆర్థర్ గారు తన చెయ్యే చాపొచ్చు కదా? చాపలేదు. చెడ్డవాడై కాదు, ఆయనకు ఆ ఆలోచనే తట్టలేదు. ఇన్నేళ్ళ అలవాటు. బండిని సాయంత్రం రమ్మని పంపేసి, సిరంజి నింపారు.

గుచ్చించుకుని జకర్యా మళ్ళీ బట్టీ దగ్గరికే వెళ్ళాడు. మంట ఎగదోశాడు. గంట తిరక్కుండానే పళ్ళు టకటకలాడాయి. గోనెపట్టా కప్పుకుని గోడకు జారగిలబడ్డాడు.

"పారబొయ్యిండ్రి సార్."

నలభై సీసాలనూ ఆర్థర్ గారు తన చేతులతోనే మోరీలో వంచారు. ఇంటికి పొమ్మంటే జకర్యా కదల్లేదు. కొత్తనీళ్ళు దిగుతున్నాయి, దిగినవి దిగినట్టే నింపాలన్నాడు. కబురందుకుని రోసమ్మ పరుగున వచ్చింది. అతని అరికాళ్ళు రుద్దుతూ ఆర్థర్ గారి కేసి చూసింది. ఆ చూపుకు ఆయన తల దించుకుని సీసాలు నింపుకుంటూ పోయారు.

"ఎన్నయినయే?" అడిగాడు జకర్యా.

"నీ సీసాలు మన్నువడ! జెర కండ్లు మూసుకో."

"సూసి చెప్పు."

"ముప్పై ఆరు."

"మంచిగున్నయి నీళ్ళు," అన్నాడు.

మూడు దాటాక ఆమె చేతుల్లో అతని కాళ్ళ వణుకు ఆగింది. అమ్మయ్య, జ్వరం దిగిందనుకుంది రోసమ్మ. పిచ్చితల్లి, దుప్పటి సర్ది, గంజి కాచుకొస్తానని లేచింది. లేచి ముఖం చూశాకే తెలిసింది.

సాయంత్రం బండి వచ్చింది. కొత్త సీసాలు ఆవిరిలోంచి దిగి సిద్ధంగా ఉన్నాయి, గుచ్చించుకునే మనిషే లేడు. ఆర్థర్ గారు కోటు విప్పి, బండితో వచ్చిన కాంపౌండరుకు తన చెయ్యి చాపారు. రెండు గంటలపాటు శవం పక్కన నేల మీదే కూర్చున్నారు. వణుకు రాలేదు. సీసాలు బండెక్కించి పంపేసి, గేటు దగ్గరే వెక్కివెక్కి ఏడ్చారు.

మర్నాడు ఆదివారం, ఆరాధన అయ్యాక సమాధి చెయ్యాలి. పెట్టెలో పడుకోబెట్టే ముందు తొడగడానికి మేకునున్న చొక్కాలు దించింది రోసమ్మ. మూడున్నాయి. మూడింటికీ ఎడమచెయ్యి కుట్టు భుజం దాకా విప్పి, ముడేసుకోవడానికి నాడాలు కుట్టి ఉన్నాయి. ఎప్పుడో ఆమె కుట్టినవే. ఉన్నవాటిలో మంచిది తీసి, నాడాలు కోసేసి, మణికట్టు దాకా దగ్గర దగ్గరగా కుట్టేసి తొడిగింది. మిగిలిన రెండూ మళ్ళీ మేకుకే తగిలించింది, ఎడమచేతులు విప్పినవి విప్పినట్టే ఉన్నాయి.