నడుములో లేని నొప్పి

మిన్యా దగ్గర సున్నపురాతి గనిలో ఇరవై ఏళ్లు రాళ్లు మోసిన షెనూదాకు నడుము ఆపరేషన్ రెండుసార్లు అయింది. నొప్పి తగ్గలేదు సరికదా, ఎడమ పాదం మొద్దుబారిపోయింది.

"స్కానింగ్‌లో అంతా బాగుంది. నీకే ఓర్పు లేదు," అన్నాడు ఆపరేషన్ చేసిన డాక్టరు.

"ఇక నటన చాలించవయ్యా," అంది భార్య దెమియానా.

అస్యూత్‌లో ఒక ముసలి డాక్టరమ్మ అతన్ని పడుకోబెట్టి, కాలు మడిచి పక్కకు తిప్పింది. షెనూదా కేక పెట్టాడు.

"నొప్పి తుంటి కీలుది నాయనా. నడుములో అరుగుదల ఈ వయసులో చాలామందికి ఉంటుంది. అది చూసి కోసేశారు."

"మరి నా పాదం?"

"ఆపరేషన్‌లో నరం దెబ్బతింది. అది ఇక బాగుపడదు."

బయట మెట్ల మీద దెమియానా ఏడ్చింది. "నిన్ను నమ్మలేదయ్యా."

"ఈమధ్య నన్ను నేనే నమ్మడం మానేశాను," అన్నాడు షెనూదా.